ప్రమోషన్ వద్దనుకోవడం తృప్తా, తప్పించుకోవడమా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 43 ఏళ్లు. ఒకే సంస్థలో 17 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంటి అప్పు తీరిపోయింది. జీతంతో ఇల్లు గడిచి నెలనెలా కొంత మిగులుతోంది. ఈమధ్య మా పై అధికారి పిలిచి విభాగం మొత్తం బాధ్యత తీసుకోమన్నారు. చేతికొచ్చే జీతం 40 శాతం పెరుగుతుంది. ఇప్పుడు రాకపోకలతో కలిపి వారానికి 50 గంటలు ఉద్యోగానికి పోతున్నాయి. ఆ సీట్లో ఇదివరకు ఉన్నాయన్ని అడిగితే తనకి 70 గంటలు పట్టేదన్నారు. నాకేమో వద్దనిపిస్తోంది. సాయంత్రం కాసేపు చదువుకోవడం, నాన్నతో కూర్చోవడం, నడక... వీటిని వదులుకోవాలని లేదు. కానీ మా తోడల్లుడు పెద్ద ఇల్లు కట్టుకున్నారు, కారు మార్చారు. కుటుంబమంతా కలిసినప్పుడల్లా ఆయన సంగతులే. మా ఆవిడ పైకి ఏమీ అనదు, మొహం చూస్తే తెలిసిపోతుంది. పద్నాలుగేళ్ల మా అమ్మాయి అయితే ‘నాన్నకి యాంబిషన్ లేదు’ అనేసింది. ఆ మాట గుచ్చుకుంది. ఉన్నదాంతో తృప్తిగా బతకడం వివేకం అంటారు కదా. నాది వివేకమేనా, బద్ధకానికి నేను పెట్టుకున్న మంచి పేరా? జవాబు చెప్పడానికి మూడు వారాలు గడువుంది.

సమాధానం: లెక్కకి కావలసిన అంకెలన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మీరు లెక్క మాత్రం కట్టలేదు. ముందు ఆ పని చేద్దాం, వేదాంతం సంగతి తర్వాత.

ఇప్పటి జీతం 100 అనుకోండి. దానికి వారానికి 50 గంటలు ఇస్తున్నారు. కొత్త సీట్లో 140 వస్తుంది, 70 గంటలు ఇవ్వాలి. 100ని 50తో భాగించినా, 140ని 70తో భాగించినా వచ్చేది 2. అంటే మీ గంట రేటు పైసా కూడా పెరగడం లేదు. పాత రేటుకే ఇంకో 20 గంటలు ఇమ్మంటున్నారు, అంతే.

ఆ 20 గంటలు ఎక్కడినుంచి వస్తాయో చూడండి. వారానికి 168 గంటలు. రోజుకి 8 చొప్పున నిద్రకి 56 తీసేయండి. స్నానం, భోజనం, ఇంటి పనులు రోజుకి 3 గంటలు అనుకుంటే మరో 21. మిగిలేది 91. అందులో ఉద్యోగం 50 తీసుకుంటే మీకంటూ 41 గంటలు ఉంటాయి. ఉద్యోగం 70 తీసుకుంటే 21 ఉంటాయి. జీతం 40 శాతం పెరిగి, మీ సొంత సమయం దాదాపు సగం పోతోంది. మీ నాన్నగారితో కూర్చోవడం, చదువు, నడక, మీ అమ్మాయితో మాట్లాడటం అన్నీ ఆ 21లోనే సర్దుకోవాలి. అలసట సంగతి ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు. మీకు వద్దనిపించిందంటే, కాగితం మీద పెట్టకపోయినా మీ మనసు ఈ లెక్క ఎప్పుడో కట్టేసిందన్నమాట.

ఇంతటితో ‘సరే, వద్దనండి’ అని ముగించేస్తే నాకు సులువు. కానీ డబ్బుతో సుఖం రాదని మీకు చెప్పలేను, ఎందుకంటే అది నిజం కాదు. 2010లో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఆదాయానికీ రోజువారీ సంతోషానికీ సంబంధం చూశారు. ఏడాదికి 75,000 డాలర్లు దాటాక ఆ సంతోషం పెరగడం లేదని తేల్చారు. ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లకి ఈ మాట భలే నచ్చింది. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే మరో పరిశోధకుడు, అబ్బే, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంది అన్నాడు. చివరికి కానెమన్, కిల్లింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్ కలిసి లెక్కలు మళ్లీ చూసి 2023లో ఒక మాటకి వచ్చారు. చాలామందికి డబ్బుతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంటుంది. అందరికన్నా దిగులుగా ఉండే ఐదోవంతు మందికి మాత్రం ఒక స్థాయి దాటాక డబ్బు దిగులు తీర్చదు.

అయితే ఆ పెరగడంలో ఒక మెలిక ఉంది. అది రెట్టింపుల లెక్కన పెరుగుతుంది. 100 సంపాదించేవాడికి 200 అయితే ఎంత తేడా తెలుస్తుందో, 200 సంపాదించేవాడికి అంత తేడా తెలియాలంటే 400 కావాలి. లేనివాడికి కొంచెం వచ్చినా బతుకు మారిపోతుంది. ఉన్నవాడికి అదే మార్పు రావాలంటే చాలా రావాలి. మీకొచ్చే 40 శాతం, రెట్టింపులో సగం మెట్టు కూడా కాదు. ఆ తర్వాత అలాంటి సగం మెట్టు మరొకటి ఎక్కాలంటే 140 కాస్తా 196 కావాలి. ఎక్కేకొద్దీ మెట్టు ఎత్తు పెరుగుతుంటుంది, మీ దగ్గర అమ్మడానికి గంటలు తగ్గిపోతుంటాయి.

సాదా జీవితం గొప్పదనం గురించి ఇల్లు గడవనివాళ్లకి చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. వాళ్లకి అది ఎంచుకున్న దారి కాదు, వేరే దారి లేక నడుస్తున్నది. మీ పరిస్థితి వేరు. అప్పు లేదు, నెలకి కొంత మిగులుతోంది. ‘చాలు’ అనే హక్కు మీకుంది. నిజంగా చాలునా అన్నది మాత్రం చూసుకోవాలి.

బద్ధకం సంగతికొస్తే, బద్ధకస్తుణ్ణి పిలిచి మరీ విభాగం అప్పగించరు లెండి. నాకున్న అనుమానం వేరు. రెండు ప్రశ్నలు అడుగుతాను, జవాబులు నాకు రాయక్కర్లేదు, మీకు మీరు చెప్పుకోండి. అదే కుర్చీ, అవే బాధ్యతలు, పనిగంటలు మాత్రం ఇప్పటిలాగే 50 అయితే తీసుకుంటారా? తీసుకుంటాను అంటే మీ అభ్యంతరం నిజంగా సమయం గురించే. అయినా వద్దు అంటే దీనికీ సాదా జీవితానికీ సంబంధం లేదు. పదిమందితో పని చేయించడం మీకు ఇష్టం లేకపోయుండాలి, లేదా చేయలేనేమో అన్న బెరుకైనా ఉండాలి. ఇష్టం లేకపోవడం మంచి కారణమే, దాన్ని దాని పేరుతోనే చెప్పుకోవచ్చు. బెరుకైతే మాత్రం దానికి తృప్తి అని పేరు పెట్టకండి. కొన్నాళ్లకి ఆ కుర్చీలో కూర్చున్నవాడి మీద కోపమై బయటికొస్తుంది.

రెండో ప్రశ్న. జీతం పెరుగుతుంది, హోదా పెరుగుతుంది, కానీ ఆ సంగతి బయట ఒక్కరికి కూడా తెలియదు. మీ తోడల్లుడికి అసలే తెలియదు. అప్పుడు ఆ ఉద్యోగం మీద ఎంత కోరిక మిగులుతుంది?

ఈ రెండోది ఊరికే అడగలేదు. 1930లో బ్రిటన్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ ఒక జోస్యం చెప్పాడు. ముందుకెళ్తున్న దేశాల్లో వందేళ్లలో జీవన ప్రమాణం నాలుగు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుందని, అప్పటికి మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే సరిపోతుందని. ఆదాయాల విషయంలో ఆయన అంచనా చాలావరకు నిజమైంది. గంటల విషయంలో మాత్రం తప్పింది. ఎందుకు తప్పిందో ఆయన రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. మనిషి అవసరాలు రెండు రకాలన్నాడు. పక్కవాళ్లు ఎలా ఉన్నా మనకి కావలసినవి కొన్ని. పక్కవాళ్లకన్నా పైన ఉన్నామనిపించుకోవడానికి కావలసినవి కొన్ని. మొదటి రకం తీరతాయి, రెండో రకానికి అంతు ఉండకపోవచ్చు అన్నాడు. పెరిగిన ఆదాయంలో ఎంత భాగం ఆ రెండో రకం కింద పోతోందో మన చుట్టూ చూస్తే తెలుస్తూనే ఉంది.

మీ తోడల్లుడి ఇల్లు మీకు రెండో రకంలోకి వస్తుంది. అది చూడకముందు మీ ఇల్లు మీకు ఇరుకుగా అనిపించిందా? ఆయనకైతే అది మొదటి రకమే కావచ్చు, మనకి తెలియదు. ఇక్కడ ఒక మాట. ఆయనకి అప్పులున్నాయేమో, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదేమో అని ఊహించుకుని ఓదార్పు వెతుక్కోకండి. ఆయన హాయిగా నిద్రపోతూ ఉండొచ్చు. ఎదుటివాడు బాధపడుతున్నాడనుకుంటే గానీ నిలబడని తృప్తి మీకెందుకు?

హద్దు గీసుకోవడం గురించి నాకు బాగా నచ్చిన ఏర్పాటు జైనులది. వాళ్లలో సన్యాసులకి అపరిగ్రహం అంటే ఏదీ తనది అని ఉంచుకోకపోవడం. సంసారుల మీద అంత బరువు పెట్టలేదు. గృహస్థులు పాటించే ఐదు అణువ్రతాల్లో చివరిది పరిగ్రహ పరిమాణం. భూమి, ఇళ్లు, బంగారం, ధాన్యం, పశువులు, ఇలా దేనికదే ‘నాకు ఇంతవరకు చాలు’ అని ఎవరికివారు కొలత పెట్టుకోవడం. ఇందులో రెండు తెలివైన సంగతులున్నాయి. కొలత ఎంతో ఎవరూ బయటినుంచి చెప్పరు, మీదే. ఆ కొలత సంపద చేతికి రాకముందే పెట్టుకుంటారు. వచ్చాక గీసే గీత ఒకచోట ఉండదు, రోజూ కాస్త జరుగుతూ పోతుంది.

మీరూ ఆ పని చేయండి. గడువులో మొదటి వారం దీనికి కేటాయించండి. మీ ఇంటికి ఏమేం కావాలో కాగితం మీద రాయండి. అమ్మాయి చదువు, మీ నాన్నగారి వైద్యం, మీ ఇద్దరి వృద్ధాప్యం, ఆరోగ్య బీమా, మీకేమైనా అయితే ఇల్లు నడవడానికి జీవిత బీమా, ఉద్యోగం పోతే కనీసం ఆరు నెలలు గడిచే నిల్వ. సరదాలు కూడా రాయండి, సిగ్గుపడకండి. రెండువేల మూడువందల ఏళ్ల కిందట ఏథెన్స్‌లో ఒక తోటలో స్నేహితులతో నిరాడంబరంగా బతికిన ఎపిక్యూరస్, విలాసం అవసరం లేనివాడే దాన్ని అందరికన్నా బాగా ఆస్వాదిస్తాడని అన్నాడు. సాదాగా బతకడమంటే సుఖాన్ని చూసి మొహం తిప్పుకోవడం అనుకునేవాళ్లు ఎక్కువ. వాళ్లతో కలిసి ఉండటం మహా కష్టం.

కాగితం మీద డబ్బు అంకెలకన్నా వస్తువులు, పనులు రాయడం మేలు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఖర్చు సుమారు 12 ఏళ్లలో రెట్టింపవుతుంది. ఇవాళ ‘ఇంత చాలు’ అని రాసుకున్న అంకె మీ రిటైర్మెంట్ నాటికి ఎందుకూ చాలదు. ‘ఫలానా చదువు, ఫలానా వైద్యం’ అని రాసుకుంటే ఏడాదికోసారి ధర తిరగరాసుకోవచ్చు.

తక్కువ ఖర్చుతో బతకడంలో ఉన్న అసలు బలం చాలామంది గమనించరు. 100 వచ్చి 90 ఖర్చయ్యే ఇంట్లో ఒక నెల ఖర్చు దాచడానికి 9 నెలలు పడుతుంది. 75 ఖర్చయ్యే ఇంట్లో 3 నెలలు చాలు. 50 అయితే ఒక్క నెల. ఖర్చు తగ్గితే మిగిలేది పెరుగుతుంది, కావలసిన నిల్వ కూడా తగ్గుతుంది. ఇప్పుడు జీతం 140 అయిందనుకోండి, దాంతోపాటు ఖర్చు 126కి ఎక్కిందనుకోండి. నెల ఖర్చు దాచడానికి మళ్లీ అదే 9 నెలలు. ఎంత చెట్టుకి అంత గాలి అని ఊరికే అనలేదు. హోదా పెరిగాక ఇల్లు, బట్టలు, బండి, పిల్లల స్కూలు అన్నీ ఆ హోదాకి తగ్గట్టు ఉండాలని ఎవరూ ఆర్డరు వేయరు. అయినా అన్నీ మారిపోతాయి.

ఈ కాగితం రాశాక పెద్ద లోటు కనపడితే నా సలహా మారుతుంది. మీ నాన్నగారి వైద్యానికి ఏమీ లేదు, అమ్మాయి చదువుకి సగమే ఉంది అని తేలితే ప్రమోషన్ తీసుకోండి. కాకపోతే మూడేళ్లని ముందే గడువు పెట్టుకుని తీసుకోండి, పెరిగిన 40ని ఇంట్లోకి రానివ్వకండి. నెల ఖర్చు 75 దగ్గర ఆపగలిగితే మూడేళ్లలో ఆ పెరిగిన సొమ్ముతోనే 19 నెలల ఇంటి ఖర్చు పోగవుతుంది. పెద్ద జీతం తీసుకుంటూ చిన్న ఖర్చుతో బతకడం కూడా సాదా జీవితమే. జీతం చిన్నదిగా ఉంటేనే మనసు శుద్ధంగా ఉంటుందని ఎక్కడా లేదు.

ఇక మీ ఆవిడ. ఉత్తరమంతా చదివాక నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘మొహం చూస్తే తెలిసిపోతుంది’ అన్న మాట. ఏం తెలిసిపోతుంది? మీరు అడిగారా? మీరు ఆవిడ మొహంలో తోబుట్టువు ఇంటి మీద ఆశ చూస్తున్నారు. అక్కడ ఉన్నది భయం కూడా కావచ్చు. మీకేమైనా అయితే మేమేం కావాలి, పిల్లకి సీటొస్తే ఫీజు ఎక్కడినుంచి, ముసలితనంలో ఎవరిమీద ఆధారపడాలి... ఇంటి డబ్బు లెక్కలు తెలియని మనిషికి ఈ భయాలు సహజం. ఎంత మిగులుతోందో, ఎక్కడ పెడుతున్నారో, బీమా కాగితాలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలుసా? తెలియకపోతే ముందు అది చెప్పండి. ఆ కాగితం కూడా మీరొక్కరే రాసి చూపించొద్దు, ఇద్దరూ కూర్చుని రాయండి. ఆవిడ రాయించే పద్దుల్లో కొన్ని మీకు అనవసరం అనిపిస్తాయి. కొట్టేయకండి. మీ సాయంత్రపు చదువు కూడా ఎవరికో అనవసరమే.

ఇంకోటి కాస్త గట్టిగానే చెప్పాలి. సాదా జీవితం గురించి గొప్పగా మాట్లాడే మగవాళ్ల ఇళ్లలో ఆ సాదాతనం బరువు ఎవరి నడుం మీద పడుతోందో చూడాలి. పనికి మనిషి ఎందుకు, మిషన్ ఎందుకు, బయట తినడం ఎందుకు అని ఆయన అంటాడు. ఆ మిగిలిన పనంతా ఆవిడ చేస్తుంది. అది ఆయన వివేకం, ఆవిడ చాకిరీ. ప్రమోషన్ వదులుకుని మీరు కాపాడుకునే 20 గంటల్లో ఇంటికి ఎన్ని ఇస్తారు? నడక, చదువు పోగా ఆవిడ పనిలో ఏది మీ చేతికి మారుతుంది? దీనికి మీ దగ్గర జవాబు ఉంటే మీ నిర్ణయంలో ఆవిడకీ వాటా ఉన్నట్టు. లేకపోతే ఆ మొహం అలాగే ఉంటుంది, ఉండటం న్యాయం కూడా.

మీ అమ్మాయితో వాదన పెట్టుకోకండి. పద్నాలుగేళ్ల పిల్లకి తృప్తి గురించి ఉపన్యాసం ఇస్తే ఆ పిల్ల అన్న మాటే రుజువవుతుంది. తన కోరికలు పెద్దవిగా ఉండనివ్వండి, ఆ వయసుకి అదే అందం. మీరు గీసుకున్న గీత మీది, తన నెత్తిన పెట్టకండి. గంటల లెక్క మాత్రం ఒకసారి చూపించండి. లెక్కల్లో మంచిదైతే మీకన్నా ముందే తప్పు పట్టుకుంటుంది, పన్ను లెక్క కూడా అడుగుతుంది.

అధికారికి జవాబు చెప్పేముందు ఒక ఉదయాన్ని ఊహించుకోండి. మీ తర్వాత చేరినవాళ్లు, మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఆ కుర్చీలో కూర్చుని మిమ్మల్ని పిలిచి ఫైలు ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. జరగకపోవచ్చు, కానీ ఎక్కువగా జరిగేది అదే. దాన్ని మామూలుగా తీసుకోగలను అనిపిస్తే వద్దనండి. ఒళ్లు మండుతుంది అనిపిస్తే ఇంకో రెండు రోజులు ఆలోచించండి. ఒకసారి కాదన్నవాణ్ణి మళ్లీ పిలవకపోవచ్చన్నది కూడా లెక్కలో వేసుకోండి.

అవును, కాదు అన్న రెండే జవాబులున్నాయని కూడా అనుకోకండి. బాధ్యతలు కొన్ని ఇంకొకరికి పంచి, వారానికి 55 గంటలు, జీతం 20 శాతం పెంపు అని అడిగి చూడండి. 120ని 55తో భాగిస్తే గంట రేటు 2 దాటుతుంది, వాళ్లిస్తామన్నదానికన్నా మంచి బేరం. ఒప్పుకోకపోతే అప్పుడు కాదనండి. ‘ఇంటి దగ్గర సమయం కావాలి సార్, ఇప్పుడున్న పని ఇంతకన్నా బాగా చేస్తాను’ అంటే చాలు. పొరపాటున కూడా ‘నాకు డబ్బు మీద ఆశ లేదండి’ అనొద్దు. వచ్చే ఏడాది మామూలు ఇంక్రిమెంట్ అడగాల్సింది కూడా ఆయన్నే.